ఎక్కువకాలం మన్నే లిథియం అయాన్ బ్యాటరీకి ఏ ఆక్సైడ్ ఆనోడ్ మేలు?

లిథియం అయాన్ బ్యాటరీల్లో ఆనోడ్‌గా, అంటే ఛార్జి అయ్యేటప్పుడు లిథియాన్ని దాచుకునే ఎలక్ట్రోడ్‌గా, ఇవాళ అత్యధికంగా వాడుతున్నది గ్రాఫైట్. అది చవక, తేలిక, గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్ల ఛార్జిని దాచుకోగలదు. అయితే గ్రాఫైట్ పనిచేసే వోల్టేజి లిథియం లోహపు వోల్టేజికి 0.1 వోల్టు ఎగువన మాత్రమే ఉంటుంది. అందువల్ల వేగంగా ఛార్జి చేసినప్పుడు, చలిలో ఛార్జి చేసినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి దూరకుండా పైపైనే లోహంగా పేరుకునే ప్రమాదం ఉంది. అలా పేరుకున్న లిథియంలో కొంత భాగం మళ్లీ పనికి రాదు. కొంత భాగం మొనదేలి పెరిగి సెల్ లోపల షార్ట్ సర్క్యూట్‌కు దారితీస్తుంది. ఈ ఇబ్బందిని దాటడానికే లోహపు ఆక్సైడ్లను, అందులోనూ నానో పరిమాణంలో మలచిన ఆక్సైడ్లను, దాదాపు ముప్పై ఏళ్లుగా పరీక్షిస్తున్నారు.

ఆక్సైడ్ అనగానే అన్నీ ఒకే కోవకు చెందినవి కావు. ఈ వ్యాసం రెండు రకాల పాఠకుల కోసం రాస్తున్నాను. ఒకరు, ఏ ఆక్సైడ్ మీద పరిశోధన మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతున్న ఎం.టెక్., పీహెచ్‌డీ విద్యార్థులు. మరొకరు, బస్సుకో, సోలార్ నిల్వకో, టెలికాం టవర్‌కో బ్యాటరీ ప్యాక్ రూపొందిస్తూ, మామూలు గ్రాఫైట్ సెల్ కాకుండా మరేదైనా తీసుకుంటే ఎక్కువ కాలం వస్తుందా అని ఆలోచిస్తున్న ఇంజనీర్లు. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను: మన్నికే మొదటి లక్ష్యమైతే గ్రాముకు ఎంత కెపాసిటీ అన్న అంకెను చివర చూడాలి, వోల్టేజి, మొదటి సైకిల్ నష్టం (మొదటిసారి ఛార్జి, డిశ్చార్జి చేసినప్పుడే తిరిగిరాకుండా పోయే లిథియం), ఉబ్బు, ఈ మూడింటినీ ముందు చూడాలి.

## ముందుగా చూడవలసిన ప్రమాణాలు

మొదటిది పనిచేసే వోల్టేజి. లిథియంతో పోల్చి సుమారు 1 వోల్టు కంటే దిగువన పనిచేసే ఏ ఆనోడ్ మీదనైనా ఎలక్ట్రోలైట్ (ఎలక్ట్రోడ్ల మధ్య అయాన్లను మోసే ద్రవం) విచ్ఛిన్నమై ఒక పలుచని పొర ఏర్పడుతుంది. దీన్ని ఎస్ఈఐ పొర అంటారు. ఇది నిలకడగా ఉంటే మంచిదే, ఎందుకంటే ఆ తర్వాత ఎలక్ట్రోలైట్‌ను కాపాడేది ఈ పొరే. కాని ఆనోడ్ పొడిలోని కణం ప్రతి ఛార్జికీ ఉబ్బి, ప్రతి డిశ్చార్జికీ కుదించుకుపోతుంటే పొర పగులుతుంది, పగిలిన చోట కొత్త పొర ఏర్పడుతుంది, ప్రతిసారీ కొంత లిథియం శాశ్వతంగా ఖర్చైపోతుంది. 1.5 వోల్టుల దగ్గర పనిచేసే ఆనోడ్‌కు ఈ బెడద చాలావరకు ఉండదు. దానికి బదులు సెల్ వోల్టేజి తగ్గుతుంది కాబట్టి అదే బరువులో శక్తి తక్కువ వస్తుంది. ఈ రంగంలో మన్నికకూ శక్తికీ మధ్య ఉన్న అసలు బేరం ఇదే.

రెండవది కూలంబిక్ ఎఫిషియెన్సీ, అంటే పెట్టిన ఛార్జిలో ఎంత శాతం తిరిగి వస్తుందన్న లెక్క. 99.9 శాతం అంటే వినడానికి చాలా గొప్పగా ఉంటుంది. కాని లిథియం పరిమితంగా ఉన్న నిజమైన సెల్‌లో సైకిల్‌కు 0.1 శాతం చొప్పున పోతే, 1000 సైకిళ్ల తర్వాత మిగిలేది సుమారు 37 శాతమే. 99.99 శాతమైతే సుమారు 90 శాతం మిగులుతుంది. దశాంశం తర్వాత ఒక్క అంకె పెరిగితే సెల్ ఆయుష్షు మొత్తం మారిపోతుంది. ప్రయోగశాలలో లిథియం రేకును ఎదురు ఎలక్ట్రోడ్‌గా పెట్టి చేసే హాఫ్ సెల్ పరీక్షలో ఈ నష్టం కనబడదు, ఎందుకంటే పోయిన లిథియానికి బదులు ఆ రేకు నుంచి కొత్త లిథియం వస్తూనే ఉంటుంది. పరిశోధన పత్రాల్లో వెయ్యి సైకిళ్లు నిలిచిందని చూసిన పదార్థం నిజమైన సెల్‌లో యాభై సైకిళ్లకే చతికిలపడటానికి ఇదే ముఖ్య కారణం.

మూడవది, ఛార్జి అయ్యే వోల్టేజికీ డిశ్చార్జి అయ్యే వోల్టేజికీ మధ్య తేడా, అంటే హిస్టరిసిస్. నాలుగవది ఘనపరిమాణంలో వచ్చే మార్పు. ఇక ధర, ముడిసరుకు, తయారీ సౌలభ్యం ఎప్పుడూ ఉండేవే.

## నానో రూపం వల్ల లాభమెంత, నష్టమెంత

కణం లోపల లిథియం ప్రయాణించడానికి పట్టే సమయం, అది దాటవలసిన దూరపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 5 మైక్రాన్ల దూరాన్ని 50 నానోమీటర్లకు తగ్గిస్తే దూరం వంద రెట్లు, సమయం పదివేల రెట్లు తగ్గుతుంది. విద్యుత్తు సరిగా పారని ఆక్సైడ్‌కు ఇది ప్రాణవాయువు లాంటిది. పైగా చిన్న కణం ఉబ్బినప్పుడు పగలకుండా ఒత్తిడిని తట్టుకోగలుగుతుంది. గొట్టాలుగా, బోలు గోళాలుగా మలిస్తే ఉబ్బడానికి లోపలే ఖాళీ దొరుకుతుంది.

నష్టం కూడా అదే కొలతలో ఉంది. కణం వ్యాసం వంద రెట్లు తగ్గితే గ్రాముకు ఉపరితలం వంద రెట్లు పెరుగుతుంది. ఎస్ఈఐ పొరకు బలయ్యే లిథియం కూడా ఆ దామాషాలోనే పెరిగే అవకాశం ఉంది. తయారీలో వచ్చే చిక్కులు వేరు. నానో పొడి మెత్తగా పొంగినట్టుండి, ఎంత తట్టినా కొలజాడీలో దిగదు. దాన్ని బైండర్‌తో (పొడిని రేకుకు అంటించే జిగురుతో), కార్బన్ నల్లపొడితో కలిపి స్లర్రీ చేస్తే మామూలు పొడికి పట్టే ద్రావకం కంటే చాలా ఎక్కువ ద్రావకం తాగుతుంది. ఆ స్లర్రీని రాగిరేకు మీద మందంగా పూసి ఆరబెడితే, ద్రావకం ఆవిరయ్యే కొద్దీ పూత మీద ఎండిన చెరువు మట్టిలాగా నెర్రెలు విచ్చుకుంటాయి. రేకును వేలికి చుట్టి వంచితే అంచుల్లో పొరలు పొరలుగా రాలిపోతుంది. అందుకే చాలామంది చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము మాత్రమే పూసి, బ్రహ్మాండమైన ఫలితాలు ప్రకటిస్తారు. అమ్మకానికి వచ్చే సెల్‌లో చదరపు సెంటీమీటరుకు 2 నుంచి 4 మిల్లీ ఆంపియర్ అవర్లు ఉండాలి. దీనికి ఆచరణలో ఉన్న పరిష్కారం, నానో కణాలను స్ప్రే డ్రైయింగ్ (తుంపరగా చల్లి వేడిగాలిలో ఆరబెట్టడం) ద్వారా కొన్ని మైక్రాన్ల గుండ్రని ముద్దలుగా కట్టడం. లోపల నానో లక్షణం ఉంటుంది, బయట మామూలు పొడిలా పూతకు లొంగుతుంది. నానో నిర్మాణం అనగానే పువ్వులు, ముళ్లబంతులు, వెంట్రుకల లాంటి ఆకారాల వైపు మనసు లాగుతుంది. మన్నిక కోరేవారు ఈ సాదా ముద్దలనే ఎంచుకోవాలని నా గట్టి సలహా.

## ఒక్క చూపులో

| పదార్థం | సిద్ధాంత కెపాసిటీ (గ్రాముకు మిల్లీ ఆంపియర్ అవర్లు) | పనిచేసే వోల్టేజి, లిథియంతో పోల్చి | ఉబ్బు, శాతంలో | మొదటి సైకిల్ నష్టం |
|---|---|---|---|---|
| గ్రాఫైట్ | 372 | 0.1–0.2 | సుమారు 10 | తక్కువ |
| లిథియం టైటనేట్ | 175 | 1.55 | 0.2 | చాలా తక్కువ |
| టైటానియం డయాక్సైడ్ | 335 | 1.5–1.8 | సుమారు 4 | మధ్యస్థం |
| టైటానియం నియోబియం ఆక్సైడ్ | 387 | సుమారు 1.6 | 10 లోపు | తక్కువ |
| టిన్ డయాక్సైడ్ | 782 | 1 వోల్టు దిగువన | దాదాపు 300 | సగం దరిదాపు |
| ఐరన్ ఆక్సైడ్ (హెమటైట్) | 1007 | చేరేటప్పుడు 0.8–0.9, వదిలేటప్పుడు 1.6 దరిదాపు | 90 పైన | 25–30 శాతం |
| మాంగనీస్ మోనాక్సైడ్ | 756 | చేరేటప్పుడు 0.5, వదిలేటప్పుడు 1.2 దరిదాపు | సుమారు 70 | 30 శాతం దరిదాపు |

ఈ పట్టికలో రెండవ నిలువు వరుసను మాత్రమే చదివినవారు ఐరన్ ఆక్సైడ్‌ను ఎంచుకుంటారు. మిగతా వరుసలు కూడా చదివినవారు లిథియం టైటనేట్ దగ్గరో, నియోబియం దగ్గరో ఆగుతారు.

## లిథియం టైటనేట్: మన్నికలో ముందున్నది

ఎల్‌టీఓ అని పిలిచే ఈ స్పినెల్ (ఒక రకం స్ఫటిక నిర్మాణం) ఆక్సైడ్‌లోకి లిథియం వచ్చినా పోయినా స్ఫటికం దాదాపు కదలదు. 1990లలో జపాన్‌లో ఒజుకు బృందం దీన్ని ‘జీరో స్ట్రెయిన్’ పదార్థంగా, అంటే దాదాపు ఉబ్బని పదార్థంగా, వర్ణించింది. ఉబ్బు లేదు కాబట్టి కణం పగలదు, వోల్టేజి 1.55 కాబట్టి లిథియం లోహం పేరుకోదు. లిథియం చేరే కొద్దీ తెల్లని పొడి ముదురు నీలంగా మారుతుంది. స్వతహాగా విద్యుత్ బంధకం లాంటి పదార్థం లిథియం చేరాక వాహకమవుతుందనడానికి ఆ రంగే గుర్తు. ఛార్జి మొదలవకముందు ఉండే ఆ తక్కువ వాహకతను అధిగమించడానికే నానో కణాలు, కార్బన్ పూత అవసరమయ్యాయి.

ఇది ప్రయోగశాల దాటి చాలాకాలమైంది. తోషిబా 2008లో ఎస్‌సీఐబీ పేరుతో ఎల్‌టీఓ సెల్‌లను మార్కెట్లోకి తెచ్చింది. 2012 నాటి హోండా ఫిట్ ఎలక్ట్రిక్ కారులో వాడినవి అవే. జెనీవా నగరంలో టోసా బస్సులు కొన్ని స్టాపుల్లో ప్రయాణికులు ఎక్కి దిగే పదిహేను, ఇరవై సెకన్లలోనే 600 కిలోవాట్ల చొప్పున ఛార్జి తీసుకుని కదిలేది ఎల్‌టీఓ బలంతోనే. మన దేశంలో తోషిబా, డెన్సో, సుజుకి కలిసి 2017లో గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లో బ్యాటరీ కంపెనీ పెట్టాయి.

మరొక సౌలభ్యాన్ని చాలామంది పట్టించుకోరు. వోల్టేజి ఎక్కువగా ఉండటం వల్ల అల్యూమినియం లిథియంతో కలిసి మిశ్రలోహం కాదు. కనుక ఆనోడ్ వైపు కూడా రాగికి బదులు తేలికైన, చవకైన అల్యూమినియం రేకును వాడవచ్చు. రాగి కరిగిపోతుందన్న భయం లేనందున సెల్ పూర్తిగా ఖాళీ అయినా గ్రాఫైట్ సెల్‌కు జరిగినంత హాని జరగదు.

లోపాలు కూడా దాచకుండా చెప్పాలి. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ క్యాథోడ్‌తో (ఆనోడ్‌కు ఎదురుగా ఉండే ఎలక్ట్రోడ్‌తో) సెల్ వోల్టేజి సుమారు 2.3 మాత్రమే, సెల్ స్థాయిలో కిలోకు 80 వాట్ అవర్ల దరిదాపుల్లో శక్తి వస్తుంది. గ్రాఫైట్ ఆనోడ్ ఉన్న మంచి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ దానికి రెట్టింపు ఇస్తుంది. రెండవది గ్యాస్. ఎల్‌టీఓ ఉపరితలం ఎలక్ట్రోలైట్ ద్రావకాలతో చర్య జరిపి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులను విడుదల చేస్తుంది. తేమ ఉంటే, వేడి పెరిగితే ఇది ఎక్కువవుతుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల వేసవిలో నీడలోనే 45 డిగ్రీలు చూస్తున్న మనకు ఇది చిన్న విషయం కాదు. కణాలను ఎంత సన్నం చేస్తే ఉపరితలం అంత పెరిగి గ్యాస్ అంత ఎక్కువవుతుంది కనుక, ఎల్‌టీఓను అవసరానికి మించి నానో చేయకూడదు. పొడిని, ఎలక్ట్రోడ్‌ను బాగా ఎండబెట్టడం, కణానికి పూత వేయడం, మొదటి ఛార్జి తర్వాత కొంతకాలం వేడిలో ఉంచి గ్యాస్ తీసేసి సీల్ చేయడం, ఇవి పరిశ్రమలో వాడుతున్న మార్గాలు. పౌచ్ సెల్ (గట్టి డబ్బాకు బదులు మెత్తని సంచిలో ఉండే సెల్) కొనేటప్పుడు ఉబ్బు గురించిన హామీని రాతపూర్వకంగా అడగాలి.

## టైటానియం డయాక్సైడ్

చవక, విషరహితం, పెయింటు పరిశ్రమ పుణ్యమా అని ఎక్కడైనా దొరుకుతుంది. ఆంధ్ర తీరంలో శ్రీకాకుళం, భీమునిపట్నం ఇసుకల్లో ఉన్న ఇల్మనైట్ దీని ముడి ఖనిజమే. కాగితం మీద 335 ఉన్నా, సాధారణ అనటేస్ రూపంలో తిరగబడే చర్య సగం దగ్గర, అంటే 168 దగ్గర నిలుస్తుంది. టైటానియం రేకును ఫ్లోరైడ్ ద్రావణంలో ఆనోడైజ్ చేసి వరుసగా నిలబెట్టే నానో గొట్టాలు చూడముచ్చటగా ఉంటాయి, నేర్చుకునే విద్యార్థికి మంచి పాఠం కూడా. బ్రాంజ్ అని పిలిచే మరో స్ఫటికరూపం ఎక్కువ లిథియాన్ని తీసుకుంటుంది గాని తయారీ కష్టం, మొదటి సైకిల్ నష్టం ఎక్కువ. ఎల్‌టీఓను కాదని దీన్ని ఎంచుకోవడానికి నాకు బలమైన కారణం కనిపించలేదు.

## నియోబియం ఆక్సైడ్లు

ఎల్‌టీఓ వోల్టేజి దగ్గరే పనిచేస్తూ దానికి రెట్టింపుకు పైగా కెపాసిటీ చూపే పదార్థం టైటానియం నియోబియం ఆక్సైడ్. ఆనోడ్‌గా దీని సత్తాను 2011లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో గుడెనఫ్ బృందం చూపించింది. సాంద్రత కూడా ఎక్కువ కావడంతో, ఘనసెంటీమీటరుకు లెక్క వేస్తే సిద్ధాంతరీత్యా గ్రాఫైట్‌కు దాదాపు రెట్టింపు ఛార్జి పడుతుంది. తోషిబా, బ్రెజిల్ నియోబియం కంపెనీ సీబీఎంఎం, ఫోక్స్‌వాగన్ ట్రక్కుల విభాగం కలిసి 2024లో బ్రెజిల్‌లోని అరాషాలో ఈ ఆనోడ్‌తో నడిచే నమూనా ఎలక్ట్రిక్ బస్సును ప్రదర్శించాయి.

2018లో కేంబ్రిడ్జ్‌లో క్లేర్ గ్రే బృందం వెలువరించిన ఫలితం నానో ప్రియులు తప్పక ఆలోచించవలసినది. నియోబియం టంగ్‌స్టన్ ఆక్సైడ్లలో స్ఫటికం లోపలే లిథియానికి విశాలమైన దారులు ఉండటంతో, మైక్రాన్ల పరిమాణంలోని కణాలు కూడా నిమిషాల్లో ఛార్జి అయ్యాయి. దూరాన్ని తగ్గించడం ఒక్కటే మార్గం కాదు, దారిని వెడల్పు చేయడం కూడా మార్గమే. పెద్ద కణం అంటే తక్కువ ఉపరితలం, తేలికైన పూత, తక్కువ గ్యాస్. మన్నికకు ఇవన్నీ కలిసివచ్చేవే.

అడ్డంకి ముడిసరుకు. ప్రపంచ నియోబియంలో సుమారు తొంభై శాతం ఒక్క బ్రెజిల్ నుంచే వస్తుంది.

## టిన్ డయాక్సైడ్

1997లో జపాన్‌కు చెందిన ఫ్యూజీ ఫోటో ఫిల్మ్ పరిశోధకులు టిన్ ఆధారిత అస్ఫటిక ఆక్సైడ్‌ను ఆనోడ్‌గా ప్రకటించినప్పుడు ఈ రంగమంతా ఉలిక్కిపడింది. ఇందులో మొదటి ఛార్జిలో ఆక్సిజన్ లిథియంతో కలిసి లిథియం ఆక్సైడ్ అవుతుంది, మిగిలిన టిన్ లిథియంతో మిశ్రలోహమవుతుంది. ఆ లిథియం ఆక్సైడ్ టిన్ కణాల మధ్య మెత్తలా ఉండి వాటిని కలవనివ్వదు, కాని అందులో చిక్కిన లిథియం సాధారణంగా తిరిగి రాదు. ఒక్కో టిన్ పరమాణువుకు నాలుగు లిథియం పరమాణువులు మొదటి రోజే దాదాపు శాశ్వతంగా పోతాయి. పైగా ఉబ్బు దాదాపు మూడు వందల శాతం. గ్రాఫీన్‌తో (అతి పలుచని కార్బన్ పొరతో) చుట్టినా, బోలు గోళాలు చేసినా ఉబ్బు బాధ తగ్గుతుంది గాని మొదటి నష్టం తగ్గదు. ఉపరితలం పెరిగినందుకు ఇంకొంచెం పెరుగుతుంది. ముందే లిథియం నింపే ప్రీలిథియేషన్ పద్ధతి మీదే పనిచేయదలచుకున్నవారికి ఇది సరైన పరీక్షా పదార్థం. మిగతావారికి సిఫారసు చేయను.

## ఇనుము, మాంగనీస్, కోబాల్ట్ ఆక్సైడ్లు

2000లో ఫ్రాన్స్‌లోని ఆమియాన్‌లో తరస్కాన్ బృందం కోబాల్ట్, నికెల్, ఇనుము, రాగి ఆక్సైడ్ల నానో కణాలు లిథియంతో చర్య జరిపి లోహంగా, లిథియం ఆక్సైడ్‌గా పూర్తిగా విడిపోయి, మళ్లీ తిరగబడి ఆక్సైడ్ కాగలవని చూపింది. అంతవరకు లిథియం ఆక్సైడ్ ఏర్పడితే ఇక తిరిగిరాదని అనుకునేవారు. విడిపోయిన లోహం కొన్ని నానోమీటర్ల రేణువులుగా ఉండటం వల్లే ఈ తిరుగుచర్య సాధ్యమైంది. అక్కడి నుంచి వేలకొద్దీ పత్రాలు వచ్చాయి. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో ఎం.వి.రెడ్డి, జి.వి.సుబ్బారావు, బి.వి.ఆర్.చౌదరి ఈ ఆక్సైడ్లన్నిటినీ సమీక్షిస్తూ 2013లో రాసిన సుదీర్ఘ వ్యాసం ఇప్పటికీ కొత్తవారికి మంచి ప్రవేశద్వారం.

అయినా అమ్మకంలో ఇవి ఎందుకు లేవో ఒక్క లెక్కతో తెలుస్తుంది. 3.8 వోల్టుల క్యాథోడ్‌కు ఎదురుగా హెమటైట్‌ను పెట్టామనుకుందాం. ఛార్జి చేసేటప్పుడు ఆనోడ్ 0.9 దగ్గర ఉంటుంది, కాబట్టి సెల్‌కు 2.9 వోల్టులు పెట్టాలి. డిశ్చార్జిలో ఆనోడ్ 1.6కు ఎగబాకుతుంది, కాబట్టి మనకు 2.2 వోల్టులే వస్తాయి. ఛార్జిలో ఒక్క అయాన్ కూడా పోకపోయినా, మీటరు మీద 100 యూనిట్లు ఖర్చు చేస్తే తిరిగి వచ్చేది సుమారు 76. మిగిలినది ప్యాక్ లోపల వేడిగా మారుతుంది, వేడి ఆయుష్షును తింటుంది. ఈ తేడాలో ఎక్కువ భాగం చర్య స్వభావం నుంచే వస్తుంది కాబట్టి కణాన్ని నానో చేసినంత మాత్రాన పోదు. వీటిలో మాంగనీస్ మోనాక్సైడ్ వోల్టేజి పరంగా కొంత నయం, విజయనగరం జిల్లా గర్భాం, గరివిడి గనులు ఉన్న మనకు ముడిసరుకూ దగ్గరే. కోబాల్ట్‌ను మాత్రం ధర రీత్యా, కాంగో మీద ఆధారపడటం రీత్యా ఆనోడ్ కోసం తలపెట్టకూడదు.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఈ ఆక్సైడ్లలో యాభై, వంద సైకిళ్ల తర్వాత కెపాసిటీ తగ్గకుండా పెరుగుతూ పోవడం, కొన్నిసార్లు సిద్ధాంత విలువను కూడా దాటడం తరచుగా కనిపిస్తుంది. ఇది పదార్థం బలపడటం కాకపోవచ్చు. ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై ఏర్పడే జిగురు పొర పెరుగుతూ కరుగుతూ తన వంతు ఛార్జిని కలుపుతుంది, కణాలు ముక్కలై కొత్త ఉపరితలం బయటపడుతుంది. ఆ పెరుగుదలను మన్నికకు రుజువుగా చూపించకూడదు.

## ఎవరికి ఏది

పరిశోధన మొదలుపెడుతున్న విద్యార్థి దగ్గర టెఫ్లాన్ ఆటోక్లేవ్, ఫర్నేస్, ఒక గ్లవ్ బాక్స్ మాత్రమే ఉంటే ఐరన్, మాంగనీస్ ఆక్సైడ్లు త్వరగా ఫలితమిస్తాయి; కాని కొత్త ఆకారం ఒక్కటే చూపి ముగించే పనికి ఇప్పుడు విలువ తక్కువ. హిస్టరిసిస్ ఎందుకు వస్తోంది, మొదటి సైకిల్ నష్టాన్ని ఎలా పూడ్చాలి అన్న ప్రశ్నలు ఎంచుకుంటేనే ఆ పదార్థాలు తీసుకోవాలి. పరిశ్రమలో ఉద్యోగం మీద దృష్టి ఉన్నవారికి నియోబియం ఆక్సైడ్లు, ఎల్‌టీఓ గ్యాస్ సమస్య ఎక్కువ మేలు చేస్తాయి. ఏది ఎంచుకున్నా, హాఫ్ సెల్‌తో ఆపకుండా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ క్యాథోడ్‌తో ఫుల్ సెల్ కట్టి, చదరపు సెంటీమీటరుకు కనీసం 2 మిల్లీ ఆంపియర్ అవర్ల పూతతో, కూలంబిక్ ఎఫిషియెన్సీని దశాంశం తర్వాత రెండు అంకెల వరకు చూపించాలి. 45 డిగ్రీల వద్ద కూడా అదే పరీక్ష చేస్తే మన వాతావరణానికి పనికొచ్చే సమాధానం దొరుకుతుంది.

ప్యాక్ ఇంజనీర్ ముందున్న ఎంపిక ఇంత పెద్దది కాదు. ఆక్సైడ్ ఆనోడ్‌లలో ఇవాళ సులువుగా ఆర్డరు పెట్టి తెప్పించుకోదగినది ప్రధానంగా ఎల్‌టీఓయే. ప్రతి ట్రిప్పు చివర ఛార్జి చేసే డిపో బస్సు, క్రేన్, హైబ్రిడ్ వాహనం, గ్రిడ్‌లో క్షణక్షణం ఎక్కుదిగే లోడును సర్దే నిల్వ, ఇలాంటి చోట్ల బరువు పెద్ద ఇబ్బంది కాదు, రోజుకు అనేకసార్లు ఛార్జి అవుతుంది. అక్కడ ఎల్‌టీఓ తన ఖరీదును రాబట్టుకుంటుంది. రోజుకు ఒక్కసారి నిండి ఒక్కసారి ఖాళీ అయ్యే ఇంటి సోలార్ నిల్వకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్–గ్రాఫైట్ సెల్ చాలు. పదేళ్లలో దాటేది నాలుగు వేల సైకిళ్ల లోపే. ఎలక్ట్రిక్ ఆటోకు 8 కిలోవాట్ అవర్ల ప్యాక్ కావాలంటే ఎల్‌టీఓ సెల్‌ల బరువే వంద కిలోలు అవుతుంది, ఫాస్ఫేట్ సెల్‌లైతే యాభై. అంత బరువు మోయించడం నాకు సమంజసంగా తోచదు.

ఎల్‌టీఓ తీసుకోవాలని నిశ్చయించుకున్నవారు సెల్‌ల లెక్క కూడా మార్చుకోవాలి. 48 వోల్టుల ప్యాక్‌కు ఫాస్ఫేట్ సెల్‌లు 16 సరిపోతే ఎల్‌టీఓ సెల్‌లు 21 కావాలి. ఒక్కో సెల్ 2.7 నుంచి 1.5 వోల్టుల వరకు దిగుతుంది కనుక ప్యాక్ వోల్టేజి సుమారు 57 నుంచి 31 దాకా ఊగుతుంది. ఫాస్ఫేట్ ప్యాక్ కోసం చేసిన ఇన్వర్టర్లు చాలావరకు 40 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి. అదే ఇన్వర్టర్‌ను ఉంచితే, ఎక్కువ ధర పెట్టి కొన్న కెపాసిటీలో కొంత భాగం ప్యాక్‌లోనే వాడకుండా మిగిలిపోతుంది. కనుక సెల్‌ల కంటే ముందు బీఎంఎస్ (సెల్‌లను కనిపెట్టి కాపాడే బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ), ఇన్వర్టర్ల కనిష్ఠ వోల్టేజి పరిమితులను కాగితం మీద సరిచూసుకుని, ఆ తర్వాతే ఆర్డరు పెట్టాలి.